ఫోనుకు బీమా: సంతకానికి ముందు ఒక లెక్క

పై చదువుల కోసం పిల్లలను హైదరాబాదు పంపే కుటుంబాలు నేడు పెట్టె, పరుపులతోపాటు తప్పనిసరిగా సమకూర్చే వస్తువు మొబైల్ ఫోను. ప్రవేశ పరీక్ష హాల్‌టికెట్టు, స్కాలర్‌షిప్పు సందేశం, మెస్ బిల్లు చెల్లింపు, రాత్రిపూట అమ్మతో మాట్లాడే వీడియో కాల్ అన్నీ దానిలోనే. ఫోను ఎంచుకోవడం పూర్తయి బిల్లు వేసే సమయంలో దుకాణంలోని కుర్రవాడు ఒక మాట అడుగుతాడు: "ఇన్సూరెన్స్ కూడా వేసేద్దామా సార్? రోజుకు నాలుగైదు రూపాయలే పడుతుంది." తండ్రి బిడ్డ ముఖం చూస్తాడు. వద్దంటే పిసినారితనంగా తోస్తుందేమోనని సంకోచం, రేపు ఏమైనా జరిగితే తనదే తప్పవుతుందేమోనని భయం. చాలా ఇళ్ళలో ఈ నిర్ణయం అర నిమిషంలో, ఆ సంకోచంలోనే జరిగిపోతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలోనూ, పక్కనే ఉన్న తార్నాక అద్దె గదులలోనూ ఉండి చదువుకునే వేలాది విద్యార్థుల ఇళ్ళకు సంబంధించిన ప్రశ్న ఇది. దీనిని మూడు భాగాలుగా విడదీసి చూద్దాం. పెట్టిన డబ్బుకు తగిన ఫలం ఉందా? ఫోను నిజంగా పోయే పరిస్థితులలో ఆ పాలసీ డబ్బు ఇస్తుందా? ధర్మం దీనిని ఎలా చూస్తుంది?

కొంటున్నది బీమాయేనా?

దుకాణంలో "ఇన్సూరెన్స్" అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు వస్తువులను అమ్ముతారు. మొదటిది అసలైన బీమా. దీని వెనుక అనుమతి పొందిన ఒక బీమా కంపెనీ, ఒక పాలసీ సంఖ్య ఉంటాయి. రెండవది పొడిగించిన వారంటీ. తయారీ కంపెనీ ఇచ్చే మామూలు వారంటీ సాధారణంగా ఒక సంవత్సరం ఉంటుంది. అది తయారీ లోపాలకే వర్తిస్తుంది, చేయి జారి తెర పగిలితే వర్తించదు. పొడిగించిన వారంటీ ఆ గడువును పెంచుతుందే తప్ప పగుళ్ళకు, దొంగతనానికి బాధ్యత వహించదు. మూడవది "డ్యామేజ్ ప్రొటెక్షన్" వంటి పేర్లతో వచ్చే సేవా ఒప్పందం. ఇందులో మరమ్మతు చేసిపెడతామన్న హామీ ఉంటుంది గాని, దొంగతనం తరచుగా చేరదు.

ఈ తేడా తెలియకపోతే వివాదం వచ్చిన రోజున ఎవరిని అడగాలో తెలియదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. ప్రధాన కార్యాలయం 2001 నుండి మన హైదరాబాదులోనే ఉంది. అయితే దాని అధికారం బీమా పాలసీలకే వర్తిస్తుంది, సేవా ఒప్పందాలకు వర్తించదు. కనుక సంతకానికి ముందు అడగవలసిన మొదటి ప్రశ్న: "బీమా కంపెనీ పేరేమిటి? పాలసీ పత్రం నా పేరున వస్తుందా?" సమాధానం తడబడితే అక్కడే ఆగడం మేలు.

ఆన్‌లైనులో కొనేవారికి మరొక జాగ్రత్త. అడగకుండానే బుట్టలో అదనపు వస్తువును చేర్చడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేసే మాటలు రాయడం వంటి 13 రకాల మోసపు ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాల ద్వారా నిషేధించింది. చెల్లించే ముందు బిల్లులోని ప్రతి పంక్తినీ చదవండి. ఫోనును వాయిదాలలో కొంటే బీమా సొమ్ము కూడా ఆ వాయిదాలలో కలిసి, దాని మీద కూడా వడ్డీ పడే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి.

కాగితం మీద లెక్క

ఇక లెక్కకు వద్దాం. కింది అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ ఫోనుకు సంబంధించిన అసలు అంకెలను వాటి స్థానంలో వేసుకోండి, పద్ధతి మారదు.

ఫోను ధర రూ.20,000 అనుకుందాం. బీమా రూ.1,400, దానిపై 18 శాతం జి.ఎస్.టి. రూ.252, మొత్తం రూ.1,652. రోజుకు నాలుగున్నర రూపాయలన్న మాట నిజమే. తెర పగిలితే అధీకృత సర్వీసు కేంద్రంలో మార్చడానికి రూ.5,000 అవుతుందనుకుందాం. బీమా ఉన్నా క్లెయిము సమయంలో మన వాటాగా కొంత కట్టాలి, అది రూ.500 అనుకుందాం. అంటే బీమా వల్ల మిగిలేది రూ.4,500. ఇప్పుడు కట్టిన 1,652ను మిగిలిన 4,500తో భాగించండి. సుమారు 37 శాతం వస్తుంది. తెర ఒక్కటే చూసుకుంటే, రెండేళ్ళ ఎనిమిది నెలలకొకసారి చొప్పున పగిలితే తప్ప కట్టిన డబ్బు తిరిగి రాదని దీని అర్థం.

దొంగతనాన్నీ కలుపుదాం. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇరవై వేల ఫోను పోతే ఇరవై వేలు వస్తాయనుకుంటారు. పాలసీలు సాధారణంగా ఫోను వయసును బట్టి విలువను తగ్గిస్తాయి. కొన్న ఎనిమిది, తొమ్మిది నెలలకు పోయిన ఫోనుకు 40 శాతం తరుగు తీశారనుకుంటే మిగిలేది రూ.12,000. మన వాటా రూ.1,000 పోగా చేతికొచ్చేది రూ.11,000. ఒక విద్యార్థికి ఐదేళ్ళకొకసారి తెర పగులుతుందని, పదిహేనేళ్ళకొకసారి ఫోను దొంగతనానికి గురవుతుందని అనుకుందాం. ఏడాదికి సగటున తెర పేరిట రూ.900, దొంగతనం పేరిట రూ.733, రెండూ కలిపి రూ.1,633. కట్టిన రూ.1,652కు ఇది దాదాపు సమానం.

ఈ లెక్క మనకు రెండు విషయాలు చెబుతుంది. ఇంతకంటే తరచుగా ఫోను పగలగొట్టుకునేవారికి బీమా లాభం, జాగ్రత్తగా వాడుకునేవారికి నష్టం. ఇంకొకటి, కంపెనీ తన ఖర్చులు, దుకాణదారుని కమీషను, లాభం తీసుకున్నాకే క్లెయిములు చెల్లిస్తుంది కనుక, సగటు వినియోగదారుడు కట్టినదానికంటే తక్కువే తిరిగి పొందుతాడు. ఆ తేడా మనశ్శాంతికి చెల్లించే మూల్యం. ఫోను పోతే మరొకటి కొనలేని స్థితిలో ఉండి, దాని మీదే జీవనోపాధి సాగేవారికి ఆ మూల్యం సబబుగా తోచవచ్చు. అయితే సరుకులు చేరవేసే ఉద్యోగం చేసుకుంటూ చదువుకునే కుర్రవాడు వృత్తిపరమైన వాడకానికి పాలసీ వర్తిస్తుందా అని ముందే అడగాలి.

ఒక ఇంట్లో నాలుగు ఫోనులుంటే ఇదే చొప్పున ఏడాదికి రూ.6,608. మూడేళ్ళకు రూ.19,824. అంటే ఒక కొత్త ఫోను ధర.

క్యాంపస్‌లో ఫోను పోయే తీరు

పై లెక్కలో దొంగతనానికి వేసిన రూ.733 ఒక షరతు మీద ఆధారపడి ఉంది: క్లెయిము అడిగితే కంపెనీ ఇవ్వాలి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, తార్నాకలో ఫోనులు ఎలా పోతాయో తలచుకుని, పాలసీలలో సాధారణంగా ఉండే మినహాయింపులతో పోల్చి చూడండి.

గ్రంథాలయంలో చదువుకుంటున్న అమ్మాయి ఫోనును ఛార్జింగుకు పెట్టి మంచినీళ్ళకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఫోను లేదు. పాలసీ భాషలో ఇది "చూసేవారు లేకుండా వదిలిన వస్తువు". అనేక పాలసీలు దీనికి చెల్లించవు. హాస్టల్ గది తలుపు గడియ వేయకుండా స్నానానికి వెళ్ళినప్పుడు పోయింది. గది తాళం పగలగొట్టిన ఆనవాలు లేదు కనుక తిరస్కరించే అవకాశం ఎక్కువ. మసీదులో వుజూ చేసేటప్పుడు గట్టు మీద పెట్టి మరచిపోయిన ఫోను "పోగొట్టుకున్నది" అవుతుంది, "దొంగిలించబడినది" కాదు. తార్నాక కూడలిలో రద్దీ బస్సు ఎక్కుతుండగా జేబులోనుండి లాగేసిన ఫోనుకు కొన్ని పాలసీలు చెల్లిస్తాయి, కొన్ని చెల్లించవు. ఉదయపు నడకలో చేతిలో ఉన్న ఫోనును బండి మీద వచ్చినవారు లాక్కుపోతే క్లెయిము బలంగా ఉంటుంది, కాని ఎఫ్.ఐ.ఆర్. ఉండాలి, కంపెనీ పెట్టిన గడువులోగా కబురు చేరాలి.

విద్యార్థి ఫోను పోయే మార్గాలలో అధికభాగం ఏమరుపాటు మార్గాలే. బీమా కాగితం సరిగ్గా అక్కడే చేతులు ఎత్తేస్తుంది. దొంగతనం భాగాన్ని లెక్కలోనుండి తీసివేస్తే మళ్ళీ తెర పగులు ఒక్కటే మిగులుతుంది. అందుకు రూ.1,652 ఎక్కువని ముందే చూశాం. కనుక అడగవలసిన రెండవ ప్రశ్న: "ఏయే సందర్భాలలో ఇవ్వరు? ఆ పేజీ చూపించండి." తరుగు ఎంత, మన వాటా ఎంత, ఏడాదికి ఎన్ని క్లెయిములు, ఫోను కొన్న వ్యక్తి కాక బిడ్డ వాడుతుంటే వర్తిస్తుందా అనేవి కూడా అప్పుడే తేలిపోవాలి. తండ్రి పేరున బిల్లు, కూతురి చేతిలో ఫోను అన్నది మన ఇళ్ళలో సర్వసాధారణం కదా.

ధర్మం ఏమంటుంది?

ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దానిని కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. కాబట్టి నష్టం రాకుండా జాగ్రత్త పడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ప్రశ్న జాగ్రత్త గురించి కాదు, ఆ జాగ్రత్తను కొనే ఒప్పందం గురించి.

ఫలితం తెలియని అస్పష్ట విక్రయాన్ని, అంటే గరర్‌ను, దైవప్రవక్త (స) నిషేధించారు. బీమాలో కట్టేది ఖాయం, వచ్చేది వస్తుందో రాదో, వస్తే ఎంతో తెలియదు. సముద్ర వ్యాపారుల బీమా గురించి డమాస్కసు ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ పందొమ్మిదవ శతాబ్దంలోనే చర్చించారు. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, స్థిర ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాలో గరర్ తీవ్రంగా ఉన్నందున అది ధర్మసమ్మతం కాదని, విరాళ భావన మీద, పరస్పర సహకారం మీద నిలిచే బీమా దానికి ప్రత్యామ్నాయమని తీర్మానించింది. మరోవైపు ముస్తఫా అల్ జర్ఖా వంటి ధర్మవేత్తలు బీమా ఒప్పందాన్ని మూలతః అనుమతించదగినదిగానే భావించారు. ఫోను ధరలోనే కలిసి వచ్చే తయారీదారు వారంటీ సంగతి వేరు. విడిగా డబ్బు కట్టి కొనే పొడిగింపు విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. వాహనానికి థర్డ్ పార్టీ బీమా 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. చట్టం విధించిన నిర్బంధంలో ఉన్నవాని పరిస్థితిని ధర్మవేత్తలు వేరుగా పరిగణిస్తారు. ఫోను బీమాకు అటువంటి నిర్బంధం ఏదీ లేదు. అది పూర్తిగా మన ఇష్టం. కనుక "తప్పదు కదా" అనే సాకు ఇక్కడ చెల్లదు. సందేహం ఉన్నవారు తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించాలి. అలా సంప్రదించేటప్పుడు పాలసీ పత్రాన్ని వెంట తీసుకువెళ్ళాలి. దుకాణదారు చెప్పిన మాటల మీద ఫత్వా అడగడం సరికాదు.

గది మిత్రుల నిధి

సహకారం మీద నిలిచే మార్గం మనకు కొత్తది కాదు. ప్రయాణంలో ఆహారం తరిగిపోయినప్పుడు అష్అరీ తెగవారు తమవద్ద ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే కొలపాత్రతో సమంగా పంచుకునేవారని, దైవప్రవక్త (స) వారిని ఎంతో మెచ్చుకున్నారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ స్ఫూర్తితోనే 1979లో సూడాన్‌లో తొలి ఇస్లామీ బీమా సంస్థ ఏర్పడింది. 1984లో మలేషియా తకాఫుల్ కోసం ప్రత్యేక చట్టం చేసింది. మన 1938 బీమా చట్టంలో తకాఫుల్‌కు ప్రత్యేక ఏర్పాటు లేదు. కాని ఒక ఇంట్లో, ఒక అద్దె గదిలో ఆ స్ఫూర్తిని ఆచరించడానికి అడ్డు లేదు.

ఆరుగురు గది మిత్రులు నెలకు వంద రూపాయల చొప్పున పది నెలలు వేస్తే రూ.6,000 అవుతుంది. ఒకరి తెర మార్చడానికి అది చాలు. ఎవరి ఫోనూ పగలకపోతే ఆ డబ్బు మిత్రుల వద్దే ఉంటుంది. వచ్చే ఏటికి కొనసాగించవచ్చు, లేదా అందరి సమ్మతితో ఒక పేద విద్యార్థి పరీక్ష రుసుముకు ఇవ్వవచ్చు. షరతులు మాత్రం ముందే రాసుకోవాలి: నిధిలో ఉన్నంత మేరకే సహాయం, ఒకే ఏడాది ఇద్దరికి నష్టం వస్తే ఇద్దరికీ పంపకం, వేసినది సహాయార్థం ఇచ్చిన సొమ్ము కనుక హక్కుగా కొట్లాడటం లేదు, లెక్క పుస్తకం అందరూ చూడవచ్చు. లావాదేవీలను రాసి ఉంచుకోవాలన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం బఖరా సూరా 282వ ఆయతులో ఉంది. దానిని స్నేహం పేరుతో పక్కన పెట్టకూడదు. ఒక హద్దు కూడా పాటించాలి. ఇది ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది మధ్యనే ఉండాలి. అనుమతి లేకుండా బయటివారి నుండి డబ్బు వసూలు చేసి పరిహారం హామీ ఇవ్వడం చట్టవిరుద్ధం.

కుటుంబంలోనైతే మరింత సులభం. నాలుగు ఫోనుల బీమాకు పోయే రూ.6,608ను నెలకు రూ.550 చొప్పున వేరుగా తీసి ఉంచండి. మొదటి ఏడాదిలోనే నష్టం వస్తే నిధి చాలకపోవచ్చు. ఈ పద్ధతిలోని బలహీనత అదే. అందుకే తొలి ఏడాది ఖరీదైన ఫోను కొనకపోవడం, వంద, రెండు వందల రూపాయల గట్టి కవరు, తెరపై రక్షక గాజు కొనడం ఈ పొదుపులో భాగం.

ఒక్క అబద్ధం ఖరీదు

బీమా తీసుకున్నవారిని వెంటాడే ప్రలోభం ఒకటుంది. గ్రంథాలయంలో మరచిపోయిన ఫోనుకు డబ్బు రాదని తెలియగానే పక్కవారు సలహా ఇస్తారు: "బండి మీద వచ్చి లాక్కుపోయారని రాయి, ఎవరు చూశారు?" పాత పగులును దాచి బీమా తీసుకోవడం, మరమ్మతు బిల్లు పెంచి రాయించడం కూడా ఈ కోవలోనివే. పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. కాని ఇది అన్యాయంగా పరుల సొమ్ము తినడమే. నిసా సూరా 29వ ఆయతు వారించినది దీనినే. పైగా పోలీసు స్టేషనులో లేని దొంగను సృష్టించి ఫిర్యాదు ఇస్తే, ఆ నేరం రేపు ఒక అమాయకుడి మీద పడవచ్చు. తప్పుడు సమాచారం ఇవ్వడం చట్టరీత్యా కూడా నేరమే. పదకొండు వేల కోసం తండ్రి ఎదుటే బిడ్డ ఈ అబద్ధం రాస్తే, ఆ ఇల్లు పోగొట్టుకున్నది ఫోను ఒక్కటే కాదు. ఇటువంటి సలహా ఎదురైనప్పుడు ఏమనాలో పిల్లలను పంపేముందే వారితో మాట్లాడి ఉంచండి.

ఫోను పోయిన రోజున

బీమా ఉన్నా లేకున్నా ప్రతి కుటుంబం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కనిపిస్తుంది. 15 అంకెల ఆ సంఖ్యను, బిల్లును ఇంట్లో ఒక పుస్తకంలో భద్రపరచండి. ఫోను పోయిన వెంటనే సిమ్ నిలుపుదల చేయించి, బ్యాంకుకు చెప్పి యు.పి.ఐ. ఆపించాలి. ఫోను ధరకంటే ఖాతాలోని సొమ్ము పెద్దది, దానికి ఏ ఫోను బీమా కూడా వర్తించదు. ఖాతా నుండి డబ్బు పోతే వెంటనే 1930కు ఫోను చేయాలి.

తరువాత పోలీసు ఫిర్యాదు. ప్రాంగణానికి ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్ స్టేషన్ ఉంది. ఘటన వేరే స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతుంది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇస్తారు. ఆ ప్రతితో సంచార్ సాథీ పోర్టల్‌లోని సి.ఇ.ఐ.ఆర్. విభాగంలో ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను నిరోధించమని కోరవచ్చు. దేశవ్యాప్తంగా ఈ ఏర్పాటు 2023 మే 17న మొదలైంది. అంతకు నెల ముందే తెలంగాణలో ప్రారంభమై, వేలాది ఫోనులు యజమానులకు తిరిగి చేరాయి. ఈ సేవకు రుసుము లేదు.

బీమా కంపెనీ అన్యాయంగా తిరస్కరించిందనిపిస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తరువాత ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి బీమా భరోసా పోర్టల్‌కు రాయండి. అప్పటికీ న్యాయం జరగకపోతే హైదరాబాదులోనే కార్యాలయం ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు. సేవా ఒప్పందమైతే 1915 వినియోగదారుల సహాయ సంఖ్యను, ఆపై జిల్లా వినియోగదారుల కమిషనును సంప్రదించాలి.

మొత్తం మీద, ఒక విద్యార్థి చేతిలోని మధ్యస్థ ధర ఫోనుకు బీమా కొనడం డబ్బు లెక్కలో బలహీనంగా ఉంది. ఏమరుపాటు నష్టాలను అది ఆదుకోదు, ధర్మం దృష్టిలో సందేహం ఉండనే ఉంది. అదే సొమ్మును ఇంట్లోనో, గది మిత్రుల మధ్యనో నిధిగా కూడబెట్టడం ఈ మూడు చిక్కులనూ తప్పిస్తుంది. ఇస్రా సూరాలో అల్లాహ్ దుబారాను, పిసినారితనాన్ని రెండింటినీ వారించి మధ్యేమార్గాన్ని చూపాడు. ఈసారి బిల్లు వేసేచోట ఆ ప్రశ్న ఎదురైనప్పుడు, "పత్రం ఇవ్వండి, ఇంట్లో చదివి చెబుతాం" అనండి. అది పిసినారితనం అనిపించుకోదు.